నీళ్ళ కాపలా

అక్టోబర్ 12, ఆదివారం

నన్నడగకుండానే నన్ను ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగులో చేర్చారు. చేర్చింది యశస్విని, నా భార్య నారాయణమ్మకి మేనకోడలు. ఇంకా సూటిగా రాసుకోవాలంటే ఆ దేవీప్రసాద్ కూతురు. వచ్చే నెల బీచ్ రోడ్డులో జరుగుతుందట. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి ఋషికొండ దాకా పోయి వెనక్కి రావాలి. ముసలివాళ్ళు పరిగెత్తలేకపోతే నడవవచ్చట. దయామయులు.

"ఇంకెవరొస్తున్నారు?" అన్నాను.

"నాన్న వస్తన్నారు. ఇద్దరి పేర్లూ ఒకేసారి ఇచ్చీసాను మావయ్యా."

దేవీప్రసాద్ నాకు స్వయానా బావమరిది. స్టీల్ ప్లాంటులో ఒకే ఫర్నేస్ దగ్గర ఇద్దరం తలలు నెరిసేదాకా పనిచేశాం. వాడితో నేను మాట్లాడి ఎనిమిదేళ్ళయింది. నా రిటైర్మెంట్ సభలో మైకు పట్టుకుని, "మా బావ ప్లాంటులో ఉక్కు కంటే పుస్తకాలే ఎక్కువ కరిగించీసాడు" అన్నాడు. సభంతా నవ్వింది. మొదటి వరసలో కూర్చున్న నారాయణమ్మ కూడా నవ్వింది. ఆవిడని క్షమించాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. వాడిని క్షమించలేదు. ఆ సంగతి అందరికీ చెప్పాను.

"నేను రాను" అన్నాను.

"నాన్న కూడా అదే అన్నారు. బావ రాడు, ఒకవేళ వస్తే సగంలో ఆటో ఎక్కీసి పుస్తకం తీస్తాడు అన్నారు."

వెళ్తున్నాను.

అక్టోబర్ 13

బూట్లు కొన్నాను. లేసులు లేనివి, వంగక్కర్లేదు. ఆకుపచ్చ రంగు. నారాయణమ్మ చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆవిడకి నలభై ఏళ్ళ అనుభవం ఉంది.

అక్టోబర్ 19, ఆదివారం

ఎం.వి.పి. కాలనీలో మా ఇంటి నుంచి అప్పూఘర్ దాకా నడిచి, అక్కణ్ణుంచి పరుగులాంటిది చేశాను. ఒక కుక్క నాతో కాసేపు వచ్చి, విసుగొచ్చి ఆగిపోయింది.

బీచ్ రోడ్డు మీద పొద్దున్నే తిరిగే జనాన్ని చూస్తే ఈ దేశంలో ఎవరూ చావరేమో అనిపిస్తుంది. రిటైరైన బ్యాంకు మేనేజరు కామరాజు ఎదురుపడిన ప్రతివాడికీ తన షుగరెంతో చెబుతాడు. మనది అడగడు. పార్కు గేటు దగ్గర కొందరు గుండ్రంగా నిలబడి చేతులెత్తి నవ్వుతారు. కారణం లేకుండా నవ్వితే ఆరోగ్యమట. కారణం దొరికి నవ్వినవాళ్ళని నేను చూశాను. ఒక సభ నిండా.

మోకాలు నొప్పి. ఇది ఎడమది, లెక్కలోకి రాదు.

అక్టోబర్ 26, ఆదివారం

పరుగుకి పేరిచ్చిన ముసలివాళ్ళందరినీ లాసన్స్ బే దగ్గర సమావేశపరిచారు. సమావేశపరిచింది ఎవరో చెప్పాలా? పసుపు టోపీ పెట్టుకుని, నడుం మీద చేతులు వేసుకుని, ఫర్నేస్ ముందు కొత్త కుర్రాళ్ళకి చెప్పినట్టే చెబుతున్నాడు.

"దాహమేసిందాకా ఆగినారంటే అయిపోయినట్టే. ఫర్నేస్ కాడ ముప్పై ఏళ్ళు సేసినాను నాను. అక్కడ మా రూలేటి? నిప్పు కాడికెల్లి వొచ్చినోడు దాహమున్నా లేకపోయినా డ్రమ్ములోంచి ఒక మగ్గు తాగాల. తాగీసే మళ్ళీ ఎల్లాల. ఒక్కడు కూడా పడిపోలేదు. ఇక్కడా అదే. నీళ్ళ బల్ల కనపడితే ఆగండి, తాగండి, ఎల్లండి."

అందరూ తలలూపారు. కామరాజు రాసుకున్నాడు కూడా.

ఆ డ్రమ్ములో ఉన్నది నీళ్ళు కాదు, గుప్పెడు కళ్ళుప్పు వేసి చిలికిన మజ్జిగ. చెబుదామనుకున్నాను. కానీ చెప్పాలంటే మాట్లాడాలి.

అక్టోబర్ 28

"తమ్ముడికి బీపీ అని ఉప్పు మానీమన్నారంట. వాడు పూర్తిగా మానీసాడు. మజ్జిగలో కూడా ఏసుకోడంట. మూత్రం ఎక్కువెల్లే మాత్ర కూడా ఇచ్చారంట" అంది నారాయణమ్మ, నేను పేపరు చదువుతుంటే.

నాకు సంబంధం లేదు అన్నాను.

"సంబంధముందని నానన్నానా? కబురు సెప్పినాను."

నవంబర్ 9, ఆదివారం

పదిహేను కిలోమీటర్లు నడిచాను. రాత్రి కాళ్ళకి నారాయణమ్మ నూనె రాసింది. రాస్తూ రాస్తూ, మామూలుగా అన్నట్టు, "నాకున్నది ఒక్క తమ్ముడు. మాటాడక్కర్లేదు. వాడి మీద ఓ కన్నేసి ఉంచండి, సాలు" అంది.

కన్నేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. అసలు నా ఉద్దేశమే అది. వాడి వెనకాలే నడుస్తూ, వాడిని చూపులోంచి పోనివ్వకుండా, చివర్లో, మనవాళ్ళందరూ ఫోన్లు పట్టుకుని నిలబడే చోట, దాటేస్తాను.

ఆవిడకి మాత్రం "సరే" అన్నాను.

నవంబర్ 15

రేపే. నిద్ర పట్టదు. యుద్ధానికి ముందు రాత్రి గురించి రష్యన్లు బాగా రాశారు. వాళ్ళెవరూ ఆకుపచ్చ బూట్లు వేసుకోలేదు.

నవంబర్ 16

రాయలేను.

నవంబర్ 17, సోమవారం

నిన్నటిది వరసగా రాస్తాను. వరసగా రాస్తే తప్ప నాకే నమ్మకం కుదరడం లేదు.

తెల్లవారకముందే మొదలైంది. నవంబర్ అయినా చలి లేదు. గాలిలో చెమ్మ బనీనులా ఒంటికి అంటుకుంది. పడుచువాళ్ళు ముందే కనుమరుగైపోయారు. వెనక మిగిలింది మేము, మా మోకాళ్ళు. వాడు నాకు కొంచెం ముందు. పసుపు టోపీ ఎంత గుంపులోనైనా కనిపిస్తుంది, అందుకే పెట్టుకుంటాడు.

సబ్‌మెరైన్ మ్యూజియం దాటాం. నీళ్ళ బల్ల వచ్చింది. వాడు ఆగాడు. గుక్క తాగి పోయే రకం కాదు. ఒక చెయ్యి నడుం మీద పెట్టి, తల వెనక్కి వాల్చి, సీసా మొత్తం ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, ఇంకోటి చంకలో పెట్టుకుని కదిలాడు. ఆ రెండోదాన్ని తర్వాతి బల్ల వచ్చేలోపు ఖాళీ చేశాడు. అక్కడ మళ్ళీ ఒకటి తాగాడు, ఒకటి చంకలో. నాకు పరమానందం. ఆగిన ప్రతిసారీ నేను కొంత కలుస్తున్నాను. తాగు నాయనా, తాగు, అనుకున్నాను. సముద్రం పక్కనే ఉంది, అదీ తాగు.

ప్రతి బల్లా గుర్తుంది నాకు. ఎక్కడ ఏం తాగాడో, ఎక్కడ సీసా, ఎక్కడ గ్లాసు, అన్నీ. తర్వాత ఎవరికైనా వర్ణించి చెప్పాలి కదా, అందుకని.

ఋషికొండ దగ్గర వెనక్కి తిరిగాం. ఎండ ఎక్కింది. సాగర్ నగర్ దగ్గరికి వచ్చేసరికి వాడు బల్ల దగ్గర పిల్లలతో కబుర్లు మానేశాడు. కబుర్లు మానిన ప్రసాద్‌ని నేను పుట్టి ఎరగను. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. ఉంగరం తిప్పుతున్నాడు, రావడం లేదు. వేళ్ళు అమృతపాణి అరటిపళ్ళలా ఉన్నాయి. అలిసిపోయాడు, ఇక మనదే, అనుకున్నాను.

జోడుగుళ్ళపాలెం దగ్గర రోడ్డు పక్కన వంగి కక్కాడు. వచ్చిందంతా నీళ్ళే. బల్ల దగ్గరున్న అమ్మాయి పరిగెత్తుకొచ్చి, పాపం, ఇంకో సీసా చేతిలో పెట్టింది. అదీ తాగాడు.

అప్పుడు దాటాను వాడిని.

పక్కనుంచి వెళ్తుంటే నా మొహంలోకి చూశాడు. చూసి, "అక్కా, బస్సొచ్చిందా?" అన్నాడు.

నన్ను. అక్కా అని.

నేను ముందుకి వెళ్ళాను. కొంచెం దూరమే. బూటు లేసు ఊడినట్టనిపించి ఆగాను. ఆగి వెనక్కి చూసేసరికి టోపీ కనిపించలేదు. మనుషులు మూగుతున్నారు.

నేను వెళ్ళేసరికి వాడు రోడ్డు మీద వెల్లకిలా పడి కొట్టుకుంటున్నాడు. కాళ్ళూ చేతులూ బిగిసిపోయాయి, నోట్లోంచి నురగ. పరిగెత్తేవాళ్ళు ఇద్దరు ముగ్గురు సీసాల మూతలు తీస్తున్నారు. "వడదెబ్బ, నోట్లో పొయ్యండి, మొహం మీద కొట్టండి" అంటున్నారు.

"నీళ్ళు పొయ్యకండి. ఎవరైనా ఒక్క చుక్క పోస్తే ఊరుకోను" అన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత వాడి ముందు నేను నోరు విప్పడం అదే. అయితే మాట్లాడింది వాడితో కాదు, చుట్టూ ఉన్నవాళ్ళతో. ఇది గమనించాలి.

స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి ఒత్తిగిలించాలి. ప్లాంటులో సేఫ్టీ క్లాసులో చెప్పారు. ఆ క్లాసులో నేను బల్ల కింద పుస్తకం చదువుతున్నానని అందరూ అనుకున్నారు. చదువుతూనే విన్నాను.

వాడిని పక్కకి తిప్పబోతే నాకు చాతకాలేదు. రోడ్డు పక్కన చేపలమ్ముకునే మనిషి, పాపాయమ్మట పేరు, గంప దించి వచ్చి ఒక్క తోపుతో తిప్పేసింది. తర్వాత మొదలుపెట్టింది.

"మూర్స ఇది. ఇనుమెట్టండి సేతిలో. బేగి. తాళాలున్నాయా ఎవరికాడైనా?"

స్కూటరు తాళాలు వచ్చాయి. ఒకాయన ఇంటి తాళాలిచ్చాడు. ఎక్కణ్ణుంచో చిన్న స్పానరు వచ్చింది. పాపాయమ్మ తన చేపల కత్తే తియ్యబోయింది.

"ముప్పై ఏళ్ళు ఇనుములో బతికిన మనిషమ్మా వీడు. ఇనుముతో కుదిరేదయితే వీడికి ఈ జన్మలో జలుబు కూడా రాకూడదు. కత్తి లోపల పెట్టు" అన్నాను.

"మరేటెడతావు? ఊరికే ఒగ్గీమంటావా? ఏదో ఒకటి ఎట్టాల కదా బాబూ."

అప్పటికే ఒకడు తాళాల గుత్తి వాడి గుప్పిట్లోకి దూరుస్తున్నాడు. చెయ్యి కోసుకుపోతుంది. అది లాగి పారేసి, అక్కడ ఇంక చోటు లేకుండా ఉండాలని, నా చెయ్యి పెట్టాను. కేవలం చోటు లేకుండా చెయ్యడానికి.

పట్టాడు. ఆ పట్టు ఏమిటో. నా చిటికెన వేలు ఇప్పటికీ వంగడం లేదు.

పాపాయమ్మ గొడుగు తెచ్చి మా ఇద్దరి మీదా పట్టింది. "ఎల్లండి, ఎల్లండి, ఇదేటి తీర్తమా? గాలాడనీండి" అని జనాన్ని తోలింది. తర్వాత నాతో, "ఏటవుతాడు నీకు?" అంది.

వాడి కొట్టుకోవడం తగ్గింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలో వాడు లేడు. ఎండలో అంతసేపు నడిచిన ఒళ్ళు, కాలిపోవాలి కదా, కాలడం లేదు. చల్లగా, తడిగా ఉంది.

అంబులెన్సు వచ్చింది. డాక్టరు ఒక అమ్మాయి, యశస్విని వయసుంటుంది. సహాయకుడు అప్పుడే డీహైడ్రేషన్ అంటూ సెలైన్ సీసా తగిలించేస్తున్నాడు.

"ఈయనతో ఎవరున్నారు?" అంది.

"నేను కాదు" అన్నాను. చెయ్యి వాడి చేతిలోనే ఉంది.

ఆ అమ్మాయి చెయ్యి వైపు చూసింది. "దారిలో నీళ్ళేమైనా తాగారా? ఎవరైనా చూశారా?"

చూశానా? మొదటి బల్ల నుంచి మొదలుపెట్టి చెప్పాను. సబ్‌మెరైన్ దగ్గర ఏం తాగాడో, చంకలో ఏం పెట్టుకున్నాడో, తెన్నేటి పార్కు దగ్గర ఏం తాగాడో, ఋషికొండలో ఏం తాగాడో, గడియారం ఎక్కడ విప్పాడో, ఉంగరం ఎక్కడ ఇరుక్కుందో, కక్కింది ఏమిటో, కక్కాక మళ్ళీ ఏం తాగాడో. ఉప్పు మానేశాడని చెప్పాను. మూత్రం మాత్ర సంగతి చెప్పాను. సంబంధం లేని కబుర్లు ఎంత జ్ఞాపకం ఉంటాయో.

ఆ అమ్మాయి మొహం మారిపోయింది. ఆ సెలైన్ ఆపించేసింది. వాడి కాలి మీద వేలితో నొక్కి చూసింది, గుంట పడి అలాగే ఉండిపోయింది. ఫోనులో ఆసుపత్రికి చెప్పింది: "నీళ్ళెక్కువైన కేసు. సోడియం బాగా పడిపోయి ఉంటుంది. మూడు పర్సెంట్ సెలైన్ రెడీగా పెట్టండి, వస్తున్నాం." తర్వాత నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. చెమటలో ఉప్పు పోయింది, లోపలికి ఉత్త నీళ్ళు వెళ్ళాయి, రక్తంలో ఉప్పు పలచబడింది, మెదడు వాచింది, అందుకే మామూలు సెలైన్ కాదు, ఉప్పు గట్టిగా ఉన్నది ఎక్కించాలట. ఇలాంటప్పుడు అందరూ ఇంకా నీళ్ళే పోస్తారట.

"ఇంత వివరంగా ఎలా గమనించారు మీరు?" అంది.

"శ్రద్ధగా."

"ఏమవుతారు?"

"బావమరిది."

"అదృష్టవంతుడు" అంది.

నాకింక నడిచే ఓపిక లేక అంబులెన్సు ఎక్కాను. సగంలో బండి ఎక్కేస్తానన్న వాడి జోస్యం అలా ఫలించింది. అదీ వాడివల్లే.

ఆసుపత్రికి నారాయణమ్మ వచ్చింది. వాడి భార్య రాణి వచ్చింది. యశస్విని కాళీమాత గుడి దగ్గర పూలదండలు పట్టుకుని నిలబడి ఉందట, రెండు దండలతో అలాగే వచ్చేసింది. ఐసీయూ ముందు ఆ దండలు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు.

"ఓ కన్నేసి ఉంచమన్నాను కదండీ" అంది నారాయణమ్మ.

"ఉంచాను" అన్నాను.

ఆవిడ నా మీదకి తల వాల్చింది. నా భుజం తడిసింది.

నవంబర్ 18, మంగళవారం

వాడు లేవలేదు. పిలిస్తే కళ్ళు తిప్పుతున్నాడు, అంతే. ఉప్పు నెమ్మదిగా ఎక్కించాలట, తొందరపడితే మెదడుకి ఇంకో ప్రమాదమట. మనిషి మనిషిలా లేస్తాడా అని రాణి అడిగితే, "చూద్దాం" అన్నారు. నా జీవితంలో విన్న మాటలన్నిట్లోకీ నీచమైన మాట అది.

ఆసుపత్రి కుర్చీలు మనుషుల కోసం చేసినవి కావు. గోడకున్న టీవీలో పొద్దుటి నుంచీ ఒకడు వంట చేస్తున్నాడు, ఇంతవరకూ వడ్డించలేదు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు నన్ను ప్రతిసారీ "తాతా, పాసు" అంటాడు. వాడికి నాకంటే ఎక్కువ జుట్టు నెరిసింది.

యశస్విని పక్కన వచ్చి కూర్చుంది. చాలాసేపు దండలో పూలు తుంచింది.

"మావయ్యా, ఆటో ఎక్కీసి పుస్తకం తీస్తాడన్న మాట నాన్న అన్లేదు. నానే అన్నాను. మీరన్నారని నాన్నకి కూడా అలాంటిదే సెప్పాను. ఇద్దరూ ఒకచోటికొస్తారని. నానే పేరివ్వకపోతే నాన్నకి ఇలగ..."

"నేనేమన్నానని చెప్పావు?"

"ప్రసాదు ఉపన్యాసాలకి తప్ప దేనికీ పనికిరాడు, రెండు కిలోమీటర్లకే కూకుండిపోతాడని మీరన్నారని."

నేను అనలేదు. కానీ ఎంత బాగా అన్నాను.

"ఏడవకు. మీ నాన్న తాగింది నీ మాటలు కాదు, నీళ్ళు. ఆటో మాట వాడు అనగలిగినవాడే. అనకపోవడం ఏదో మరుపు" అన్నాను. ఓదార్చడం నాకు రాదు. అయినా ఆ పిల్ల ఏడుపులో నవ్వింది.

వాడు లేవకపోతే ఈ కోపమంతా నేనెక్కడ

నవంబర్ 19, బుధవారం

లేచాడు.

డాక్టరు ప్రశ్నలడిగింది. పేరు చెప్పాడు. ఊరు ఏమిటంటే "వైజాగు, మరేటి" అన్నాడు. నన్ను చూపించి ఎవరంటే, చాలాసేపు చూశాడు.

"మా అక్క మొగుడు" అన్నాడు.

నారాయణమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. వాడు పెదాలు తడుపుకుని, "మేడమ్, ఒక్క మాట. నాను పడిపోయినప్పుడు ఈయన నాకు ముందున్నాడా, ఎనకున్నాడా?" అన్నాడు.

డాక్టరు నా వైపు తిరిగింది.

"వాడే ముందున్నాడు" అని డాక్టరుతో చెప్పాను. రోగికి ఉత్సాహం కలిగించడం వైద్యంలో భాగమని ఎక్కడో చదివాను.

వాడు కళ్ళు మూసుకుని నవ్వాడు. అసహ్యంగా.

నవంబర్ 22, శనివారం

ఇంటికి పంపించారు. ఆ మూత్రం మాత్ర మాన్పించారు. అన్నంలో సరిపడా ఉప్పు వెయ్యమన్నారు. నీళ్ళు మాత్రం కొలిచి ఇవ్వాలి, వాళ్ళు చెప్పేదాకా అంతకి మించి చుక్క కూడా వద్దన్నారు.

"ఈయన మా మాట ఇనరు అన్నయ్యగారూ. నాను అటు తిరిగితే ఇటు ఫ్రిజ్ తీస్తారు. పిల్ల ఆఫీసుకెల్లిపోతాది" అంది రాణి.

"నాకు సంబంధం లేదమ్మా" అన్నాను.

దారిలో ఆలోచించాను. దేవీప్రసాద్‌కి మంచినీళ్ళు ఇవ్వకుండా రోజంతా ఎదురుగా కూర్చోవడం. అదీ డాక్టర్ల ఆదేశంతో, వాడి పెళ్ళాం కోరిక మీద. ఎనిమిదేళ్ళు ఎదురుచూస్తే ఇలాంటివి దొరుకుతాయి.

సోమవారం నుంచి వెళ్తాను. ఎం.వి.పి. కాలనీ నుంచి వాళ్ళుండే గాజువాకకి రెండు బస్సులు మారాలి. పరవాలేదు.

నవంబర్ 24, సోమవారం

వాళ్ళిల్లు ఆటోనగర్ వెనక. పొద్దస్తమానం రేకులు కొడుతున్న చప్పుడు. వాడికి అది లేకపోతే నిద్ర రాదట.

"బావ, గొంతు ఎండిపోతంది."

"ఎండనీ."

"ఒక్క సుక్క."

"ఇందాక ఇచ్చింది చుక్కే."

"నువ్వసలు మనిషివేనా?"

"మాట్లాడితే దాహం పెరుగుతుంది. మాట్లాడకు. ఎనిమిదేళ్ళు మానగలిగావు కదా."

"మానింది నువ్వు" అన్నాడు.

నేను నీళ్ళ సీసాని నా కుర్చీ కిందికి జరిపాను.

"నువ్వు సదువుకున్నోడివని గొప్పగా సెప్దామనే మైకు పట్టుకున్నాను బావ. డ్యూటీలో కూడా సదివీవోడు, మాకెవ్వరికీ లేని బుర్ర, అని. నోట్లోంచి అలగొచ్చింది. జనం నవ్వీసరికి నానూ నవ్వీసాను. ఏటి సెయ్యమంటావు?"

"సరి చెయ్యవచ్చు కదా, అప్పుడే, మైకులో?"

"ఎలగ? అప్పటికే సప్పట్లు."

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకునే ప్రసక్తే లేదు. గ్లాసులో రెండు గుక్కలు పోసి ఇచ్చాను, అది వాడి లెక్కలోదే.

నవంబర్ 27

ఈరోజు చేపల పులుసు. పులుసు కూడా నీళ్ళ లెక్కలోకే వస్తుందని వాడి వాటా నేనే తిన్నాను. వాడు ముక్కలు తింటూ చూశాడు. గొప్ప పూట.

నవంబర్ 30, ఆదివారం

సెలవు తీసుకోలేదు. కాపలాకి ఆదివారాలుండవు. వాడికి పేపరు చదివి వినిపించాను. "రాజకీయాలొద్దు బావ, దాహమేస్తాది" అన్నాడు. నా సంచిలో ఉన్న నవల తీశాను. పదో పేజీ దాకా వాడు తెరిచిన నోరు ముయ్యలేదు. ఆ తర్వాత నిద్రపోయాడు. నిద్రపోయాక కూడా కాసేపు చదివాను, కథ మంచి చోట ఉంది.

డిసెంబర్ 2, మంగళవారం

రక్తపరీక్ష వచ్చింది. అంతా మామూలే. దాహమేస్తే తాగవచ్చు, వెయ్యకపోతే తాగక్కర్లేదు, అన్నారు. రాణి ఫోను చేసి చెప్పింది. "మిమ్మల్ని సానా కష్టపెట్టీసాం అన్నయ్యగారూ, ఇంక ఆ బస్సుల బాధ తప్పింది" అంది.

రెండోసారి రిటైరయ్యాను. ఈసారి సభ లేదు.

డిసెంబర్ 3

ఇంట్లోనే ఉన్నాను. ఒకే పేజీ పొద్దుటి నుంచీ చదివాను. నారాయణమ్మ రెండుసార్లు నా ముందు నుంచి వెళ్ళింది, రెండుసార్లూ ఏమీ అనలేదు.

డిసెంబర్ 4, గురువారం

గాజువాక వైపు పని పడింది. రెండు బస్సులు మారి వెళ్ళాను. పనిలో పనిగా వాళ్ళ వీధిలోంచి నడిచాను. ప్రసాద్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో నిండు గ్లాసు. నన్ను చూస్తూ నెమ్మదిగా, దర్జాగా, అంతా తాగాడు. నేను ఆపలేదు. ఆపే అధికారం నాకిప్పుడు లేదు.

"ఏటి బావ, ఇలగొచ్చావు? కాపలా ఎత్తీసారు కదా."

"నీ కోసం రాలేదు. ఈ వీధిలో ఒకరిని చూడాలి."

"ఎవరిని?"

ఆ వీధిలో నాకు ఇంకెవరూ తెలియదు. రేకుల చప్పుడు వింటున్నట్టు నిలబడ్డాను. ఇన్ని వేల పేజీలు చదివాను, సమయానికి ఒక్క పేరు తట్టలేదు.

వాడు గ్లాసు పక్కన పెట్టి లోపలికి కేకేశాడు.

"రాణీ, బావ మన ఈదిలో ఎవరినో సూడ్డానికొచ్చాడంట. ఆ మనిషి దొరికిందాకా ఇక్కడే కూకుంటాడు. అన్నమెక్కువెట్టు."

సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆ మనిషి దొరకలేదు. రేపు మళ్ళీ వెళ్ళి చూడాలి.